పాతదీ, పాడైనదీ

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "నువ్వు కెమిస్ట్రీ కదా, సైన్సు మీద రాయి" అన్నారు. సైన్సంటే అణువులూ, రాకెట్లూ, చంద్రయానమూ అని వాళ్ళ ఉద్దేశం కావచ్చు. వాటి మీద రాయగలవాళ్ళు మన కాలేజీలో చాలామంది వున్నారు. నేను మాత్రం వంటగది మూల గుర్రుమంటూ వుండే ఫ్రిజ్జు మీద, అందులోనూ పై అరలో గడ్డకట్టి పడివుండే మాంసం మీద రాస్తున్నాను. పండగ ముందో, చుట్టాలు వచ్చినప్పుడో ఆ పొట్లాన్ని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, "ఇది ఎప్పటిదే? ఇంకా తినొచ్చా?" అని అడగని ఇల్లు మన వైపు వుండదు. ఆ ప్రశ్నకు పెద్దవాళ్ళది ఒక జవాబు, కోడళ్ళది ఒక జవాబు, చదువుకున్న పిల్లలది మరో జవాబు. ఎవరి జవాబు సరైనదో తేల్చే పని చివరికి మన పొట్ట మీద పడుతుంది.

మాది కె.గంగవరం. గౌతమికి ఇవతలి ఒడ్డు. ఏరు దాటితేనే అసలు కోనసీమ అని పెద్దవాళ్ళు అనేవారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక మేమూ కోనసీమ జిల్లా వాళ్ళమయ్యాం. ఒక పక్క ద్రాక్షారామం, ఒక పక్క కోటిపల్లి రేవు. వరీ, కొబ్బరీ మీద బతికే ఊళ్ళు. నీసు అంటే మాకు మాంసమూ చేపా రెండూను.

మా ఇంట్లో నీసుకు సంబంధించినంతవరకూ సుప్రీంకోర్టు మా మామ్మ. వయసు 78. చదువు లేదు. చేప కొనేటప్పుడు ఆవిడ చేసే పరీక్ష చూసి తీరాలి. మొదట మొప్ప ఎత్తి రంగు చూస్తుంది. ఎర్రగా వుంటే సరే, ఇటుకపొడి రంగుకు దిగితే తోసేస్తుంది. తరవాత కన్ను. అది ఉబ్బి మెరుస్తూ వుండాలి గాని, లోపలికి పోయి పాలు పోసినట్టు వుండకూడదు. తరవాత బొటనవేలితో వీపు మీద నొక్కుతుంది. పడిన గుంట వెంటనే పూడాలి. ఆఖర్న చెయ్యి వాసన చూసుకుంటుంది. నాలుగు పరీక్షలూ అర నిమిషంలో అయిపోతాయి. సాల్ట్ ఎనాలిసిస్‌కు మేము మూడు గంటలు తీసుకుంటాం, అయినా సగం మందికి తప్పు వస్తుంది. చేపల దగ్గర మామ్మకు తప్పు వచ్చిన రోజు నాకు తెలియదు.

అయితే ఈ నాలుగు పరీక్షలూ పచ్చి చేపకే. గడ్డకట్టిన చేప దగ్గర ఒక్కటీ పనిచెయ్యదు. ఎంత మంచి చేపకైనా గడ్డకడితే కన్ను తెల్లబడుతుంది. వీపు రాయిలా వుంటుంది గనక బొటనవేలికి ఏమీ తెలియదు. వాసన రావాలంటే వాసన మోసే అణువులు ఆవిరై ముక్కుదాకా రావాలి. ఆ చలికి అవి లేవవు. అరవై ఏళ్ళ అనుభవం ఫ్రీజరు తలుపు దగ్గర ఆగిపోతుంది. మన ఇళ్ళల్లో తిండి దగ్గర వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే వుందని నాకు అనిపిస్తుంది. తెలిసిన మనిషికి తెలుసుకునే దారి మూసుకుపోయింది. తెలియని మనమేమో పొట్లం మీద తారీఖు చూసి తీర్పు చెబుతున్నాం.

నిలవ చెయ్యడం మనకు కొత్తేమీ కాదు. ఎండుచేపలు, ఎండురొయ్యలు, ఉప్పుచేప అన్నీ ఆ విద్యే. వాటన్నిటి సూత్రమూ ఒకటే: సూక్ష్మజీవికి నీళ్ళు దొరక్కుండా చెయ్యడం. ఎండ నీటిని తీసేస్తుంది. ఉప్పు నీటిని పట్టి వుంచుతుంది. చలి నీటిని రాయిగా మారుస్తుంది. మాంసంలో నూటికి 70, 75 పాళ్ళు నీరే. మైనస్ 1, మైనస్ 2 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలై, మైనస్ 18 వచ్చేసరికి చాలామటుకు మంచు అయిపోతుంది. ఆ స్థితిలో బాక్టీరియా తినలేదు, పెరగలేదు, పిల్లల్ని పెట్టలేదు. ఈ మైనస్ 18 అనే అంకె ప్రపంచమంతటా వాడుకలో వుంది. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చెప్పేదీ అదే. అమెరికా వ్యవసాయ శాఖ అయితే, ఎడతెగకుండా ఆ చలిలో వున్న మాంసం ఎన్నేళ్ళయినా తినడానికి ప్రమాదం లేనిదేనని చెబుతుంది.

ఆ మాటలో "ఎడతెగకుండా" అన్నదే కీలకం. చలి బాక్టీరియాను నిద్రపుచ్చుతుంది, చంపదు. కోడి మాంసంలో సాల్మొనెల్లా వుంటే, గడ్డకట్టినా అందులో కొంత బతికే వుంటుంది. మంచు కరిగితే అది లేచి, ఆగిన చోటనుంచి పని మొదలుపెడుతుంది.

చలి ఆపలేని పనులు ఇంకా కొన్ని వున్నాయి. మొదటిది కొవ్వు. గాలిలోని ఆక్సిజన్ కొవ్వును పట్టి, మెల్లగా పాత నూనె వాసన తెప్పిస్తుంది. దీనికి బాక్టీరియాతో పనిలేదు. ఇది శుద్ధ రసాయన చర్య. చలికి దాని వేగం తగ్గుతుంది గాని ఆగదు. కొవ్వు ఆమ్లంలో డబుల్ బాండ్లు ఎక్కువైన కొద్దీ ఆక్సిజన్‌కు పట్టు దొరుకుతుంది. చేపనూనెలో ఆ బాండ్లు మెండు. ఉప్పు తగిలితే ఇంకాస్త తొందర. అంచేత కొవ్వెక్కువ చేప రుచి 2, 3 నెలలే నిలుస్తుందనీ, కొవ్వు తక్కువ చేప 6 నుంచి 8 నెలలు, కోసిన కోడి ముక్కలు 9 నెలలు, కొయ్యని కోడి సంవత్సరం పాటు బాగుంటాయనీ లెక్కలు వున్నాయి. ఇవి రుచి లెక్కలు మాత్రమే. ఈ గడువు దాటిన మాంసం విషమైపోదు; చప్పబడుతుంది, లేదా నూనె వాసన వేస్తుంది.

రెండోది ఎండిపోవడం. కవరు సరిగ్గా మూయకపోతే మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. మొదటి సంవత్సరంలో అయొడిన్‌తోనూ, నాఫ్తలీన్ ఉండలతోనూ చదువుకున్న సబ్లిమేషన్ ఇదే. మాంసం అంచులు తెల్లగా, దూదిలా అవుతాయి. చూడటానికి భయంగా వుంటుంది గాని అపాయం లేదు. ఆ అంచు కోసి పారేస్తే చాలు. ఎర్రటి మాంసం గోధుమరంగుకు తిరగడం కూడా ఇలాంటిదే. మాంసంలో మయోగ్లోబిన్ అనే ఎర్రరంగు పదార్థం ఆక్సిజన్‌తో మారడం వల్ల వచ్చే రంగది. రంగు ఒక్కదాన్నే చూసి పారెయ్యనక్కర్లేదు.

మూడోది మంచు స్ఫటికాలు. మెల్లగా గడ్డకడితే అవి పెద్దవై కణాల పొరలు చీలుస్తాయి. కరిగించినప్పుడు గిన్నె అడుగున ఎర్రనీరు దిగేది అందుకే. 1912 తరవాత కెనడా తూర్పున లాబ్రడార్‌లో వున్న క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికా వాడు అక్కడి ఇనూయిట్ ప్రజలు చేపలు పట్టే తీరు చూశాడు. ఆ గాలికి చేప పైకి తీయగానే గడ్డకట్టేది. నెలల తరవాత కరిగించినా తాజాగా వుండేది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవవుతాయని ఆయన పట్టుకున్నాడు. ఈనాటి ఫ్రోజెన్ ఫుడ్ వ్యాపారం చాలావరకు అక్కడ మొదలైందే.

మరి ఎంత పాతది తినవచ్చు? 1979లో అలాస్కాలో బంగారం తవ్వేవాళ్ళకు మంచునేలలో ఒక అడవిదున్న కళేబరం దొరికింది. 36,000 సంవత్సరాల నాటిదని అప్పట్లో లెక్కకట్టారు. అంతకంటే పాతదని తరవాత తేలింది. డేల్ గత్రీ అనే శాస్త్రజ్ఞుడు 1984లో దాని మెడ మాంసం కొంచెం కోసి, కూరగాయలతో పులుసు పెట్టి స్నేహితులతో కలిసి తిన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అనుకరించమని చెప్పడం లేదు గాని, వయసు ఒక్కటే మాంసాన్ని చెడగొట్టదనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు. దీనికి వెనక వైపు కథ కూడా ఒకటి వుంది. 1951లో న్యూయార్కులో ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్బు విందులో వడ్డించినది మంచుయుగపు జంతువు మాంసమని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. ఒక ముక్క సీసాలో మిగిలింది. 2016లో వెలువడిన డి.ఎన్.ఎ. పరీక్షలో అది సముద్రపు తాబేలని తేలింది! పొట్లం మీద పేరు చూసి మోసపోయేది మనమొక్కళ్ళమే కాదు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది డునెడిన్ అనే తెరచాప ఓడ కథ. 1882లో అది న్యూజిలాండు నుంచి దాదాపు 5,000 గొర్రెల మాంసం గడ్డకట్టించి లండనుకు తీసుకుపోయింది. ప్రయాణం 98 రోజులు, మధ్యలో భూమధ్యరేఖ. అక్కడ గాలి ఆడక ఓడ నిలబడినప్పుడు లోపల చల్లగాలి సరిగ్గా తిరగడం లేదు. కెప్టెను స్వయంగా గాలి గొట్టంలోకి పాకి కొత్త రంధ్రాలు కోశాడనీ, చలికి కొయ్యబారిపోతే కాళ్ళకు తాడు కట్టి బయటికి లాగారనీ చెబుతారు. లండనులో దించాక పనికిరానిదని తేలింది ఒక్క గొర్రె. ఆ మాంసం వయసు 98 రోజులన్నది ఎవరైనా చెబుతారు. ఆ 98 రోజుల్లో ఏ పూటా చలి తప్పలేదన్నది కెప్టెనుకే తెలుసు.

ఇంతవరకూ పుస్తకాల సంగతి. ఇదంతా మా ఇంట్లో పరీక్షకు వచ్చింది 2026 సంక్రాంతికి.

మా అన్నయ్య కువైట్‌లో పనిచేస్తున్నాడు. మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. 2025 దసరాకు వస్తానన్నాడు. అందుకని ఆగస్టులో, గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో, మామ్మ వాడికోసం పులస కొంది. పులస సంగతి మన వాళ్ళకు చెప్పాలా? సముద్రంలో వున్నప్పుడు ఇలస. గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదావరిలోకి వస్తే పులస. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత పుట్టిన ఊళ్ళు మావి. మామ్మ పుస్తెలు అమ్మలేదు గాని, మూడు నెలల పింఛను డబ్బు, నెలకు 4,000 చొప్పున దాచినది, ఆ ఒక్క చేపకు పెట్టింది. మొప్పా, కన్నూ, వీపూ అన్నీ చూసింది. ముక్కలు కోయించి, కడిగి, ఉప్పూ పసుపూ రాసి, డబ్బాలో పెట్టి మా ఒంటి తలుపు ఫ్రిజ్జు పై అరలో వుంచింది. దసరాకు అన్నయ్యకు సెలవు దొరకలేదు. సంక్రాంతికి వచ్చాడు.

ఇంకో పొట్లం మా బాబాయి దగ్గర వుంది. 2025 సంక్రాంతి పందాల్లో ఓడిన కోడి. కోస అంటారు కొందరు, కోజ అంటారు కొందరు. పందాలు చట్టవిరుద్ధమని తెలియనివాళ్ళు లేరు, కోస మాంసం వద్దనేవాళ్ళూ లేరు. బాబాయికి కూల్‌డ్రింకుల కొట్టు వుంది. ఆ పొట్లం ఆయన డీప్ ఫ్రీజరులో ఐస్‌క్రీముల అడుగున పడి సంవత్సరమైంది.

పండగనాటి సాయంత్రం, మర్నాడు కనుమకు ఏం వండాలన్న మాట వచ్చింది. రెండు పొట్లాలూ అరుగు మీదికి వచ్చాయి. పిన్ని కోసను చూసి, "ఏడాది నాటిదండీ, కుక్కలకు వేద్దాం" అంది. పులస డబ్బా చూసి, "ఇది మొన్నటిదే కదా, రేప్పొద్దున్నే పులుసు పెట్టేద్దాం" అంది. అందరికీ అది న్యాయంగానే కనిపించింది. మా అక్క కూడా వచ్చి వుంది, ఆరో నెల. "ఏరా, సైన్సు చదువుతున్నావుగా, నువ్వు చెప్పు" అన్నాడు నాన్న.

నేను పొట్లాలు చూడకముందు ఒక ప్రశ్న అడిగాను. తుపాను వచ్చినప్పుడు కరెంటు ఎన్నాళ్ళు లేదు?

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురానికి దగ్గరలో తీరం దాటింది. నేనప్పుడు హాస్టల్లో వున్నాను. అమ్మ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది: ఆ సాయంత్రం పోయింది, మర్నాడంతా లేదు, ఆ పై రోజు రాత్రికి వచ్చింది. "ఫ్రిజ్జు తలుపు ఎవర్నీ తియ్యనివ్వలేదు నేను" అంది మామ్మ. ఆవిడ చేసింది సరైన పనే. తలుపు తియ్యకుండా వుంటే నిండుగా వున్న ఫ్రీజరు 48 గంటలూ, సగం నిండినది 24 గంటలూ చలి నిలుపుకుంటుంది. మా పై అరలో వున్నదల్లా పులస డబ్బా, ఒక గిన్నెలో ఐసు ముక్కలు. కరెంటు లేనిది రెండు రోజుల పైన.

గిన్నె తీసి చూశాను. విడివిడిగా వేసిన ఐసు ముక్కలు ఒకే పలకలా వున్నాయి. పులస డబ్బా అడుగున పసుపు నీళ్ళు అచ్చుపోసినట్టు గడ్డకట్టి వున్నాయి. ముక్కలు వాటిలో సగం మునిగి వున్నాయి. కరిగి, నీరు కిందికి దిగి, మళ్ళీ గడ్డకట్టిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

బాబాయిని అడిగాను. "ఐస్‌క్రీములు కరిగితే నా కొంప మునగదూ? మొదటి రాత్రే జనరేటరు పెట్టాను" అన్నాడు. వెళ్ళి ఫ్రీజరు చూశాను. తుపానుకు ముందు వచ్చిన కోన్ ఐస్‌క్రీములు అడుగున ఇంకా రెండు మిగిలి వున్నాయి. చుట్టిన ఆకారం చెదరలేదు.

అంటే సంవత్సరం నాటిది బాగుంది. అయిదు నెలలది పోయింది.

ఈ మాట మామ్మకు చెప్పడం ఎలాగో నాకు తోచలేదు. ఆవిడే మొదలుపెట్టింది. "పులస పులుసు మర్నాడు తింటేనే రుచి. రాత్రంతా బయటే వుంటుంది. ఎవడు చచ్చాడు? అయినా గంటసేపు మరిగిస్తాను. మరగబెడితే చావని పురుగు వుంటుందేంట్రా?"

ప్రశ్న చిన్నది కాదు. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది, నిజమే. మర్నాటి పులుసు కథ వేరు. అది ముందు బాగా వుడికింది, చింతపండు పులుపు వుంది. ఇక్కడ పచ్చి చేప వేడి గదిలో రోజు పైన కరిగి వుంది. స్టెఫిలోకాకస్ వంటివి పెరిగేటప్పుడు ఒక విషాన్ని వదులుతాయి. తరవాత మరిగిస్తే ఆ బాక్టీరియా చస్తుంది గాని, అది వదిలిన విషం మరిగినా పోదు. దొంగ చచ్చినా, వాడు బావిలో పోసింది బావిలోనే వుంటుంది. ఇంకో చిక్కు: మాంసాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా వాసన వేస్తుంది, మనిషిని ఆసుపత్రి పాలు చేసేది వాసన వెయ్యకపోవచ్చు. అందుకే 4 డిగ్రీల పైన 2 గంటలకు మించి వున్న పచ్చి నీసును నమ్మవద్దంటారు.

ఇదంతా చెప్పాను. మామ్మ నమ్మినట్టు కనపడలేదు. అప్పుడు పోలియో చుక్కల సీసా గుర్తుకు వచ్చింది. ఆ సీసా మీద ఒక గుండ్రం, దాని మధ్య లేతరంగు చతురస్రం వుంటాయి. వేడి తగిలిన కొద్దీ చతురస్రం ముదురుతుంది. గుండ్రం రంగుకు వచ్చిందంటే సీసా పారెయ్యాలి, గడువు తారీఖు ఇంకా మిగిలి వున్నా సరే. మా ఇంటి పిల్లలందరినీ చుక్కలకు ఎత్తుకెళ్ళింది మామ్మే. కాసేపు వూరుకుని, "అంటే ఎన్నాళ్ళయిందని కాదు, మధ్యలో ఎంత వేడి తగిలిందనా?" అంది.

నేను చుట్టూ తిరిగి చెబుతున్నది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చింది.

అన్నయ్య, "పోనీలే మామ్మా, నేను తింటాను, నాకేం కాదు" అన్నాడు. మామ్మ వాడివైపు చూడలేదు. అక్క వైపు చూసింది. "దీని కడుపులో వున్నదానికి తెలుసా, అది పులసో కాదో" అని లేచి, డబ్బా పట్టుకుని దొడ్లోకి వెళ్ళింది. నాన్న పార తీసుకుని వెనకాలే వెళ్ళాడు. కొత్తగా వేసిన కొబ్బరిమొక్క పాదులో గొయ్యి తీసి పూడ్చారు. మూడు నెలల పింఛను, అయిదు నెలల ఎదురుచూపు. ఇంట్లో ఎవరూ ఆ రాత్రి ఎక్కువ మాట్లాడలేదు.

కోస పొట్లం ఆ రాత్రే ఫ్రిజ్జు కింది అరలో పెట్టాం, మెల్లగా కరగడానికి. గట్టు మీద పెడితే పైన కరిగి వేడెక్కుతుంది, లోపల రాయిలాగే వుంటుంది. పొద్దున్నే మామ్మ వచ్చి మాంసం నొక్కింది, చెయ్యి వాసన చూసుకుంది. ఇప్పుడు ఆవిడ పరీక్ష మళ్ళీ పనికొస్తుంది. తెల్లబడ్డ అంచులు కోసి పారేసి, "ఫరవాలేదు, పొయ్యి మీద పెట్టండి" అంది. పందెం కోడి కండ గనక రెండు గంటలు వుడికింది. రుచి మొదటి రోజుల్లో వున్నంత వుందని చెప్పను. అందరం తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

తింటూ అన్నయ్య చెప్పాడు, కువైట్‌లో వాళ్ళ గదిలో వండుకునేది చాలామటుకు బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చే గడ్డకట్టిన కోడేనని. "కవరు మీద తారీఖు చూసి కొంటాం. అది సముద్రం మీద ఎలా వచ్చిందో మాకేం తెలుసు?" అన్నాడు. నిజమే. ఓడలోనూ, గోదాములోనూ, లారీలోనూ ఎవరో ఒకరు ఆ చలిని కాపాడుతూ వస్తేనే ఆ తారీఖుకు విలువ. మన ఇంట్లో ఆ పని చేసేవాళ్ళెవరు? కరెంటు వచ్చీ పోయే ఊళ్ళల్లో, గోదావరి వరదలూ బంగాళాఖాతం తుపానులూ తప్పని చోట, ఫ్రిజ్జు కొన్నంత సులభంగా దాని చలిని నమ్మడానికి లేదు. అదే పనిగా తారీఖులు చూసి బాగున్న మాంసం పారేసేవాళ్ళూ వున్నారు. పెంచిన రైతుకూ, చచ్చిన జీవానికీ అది మర్యాద కాదు. అసలు సంగతి విచారించకుండా "మొన్నటిదే" అని వండేసేవాళ్ళూ వున్నారు.

అంచేత మిత్రులకు నా మనవి. ఫ్రీజరులో పెట్టే ప్రతి పొట్లం మీద పేరూ తారీఖూ రాయండి. గాలి లేకుండా నొక్కి, పలచగా పరిచి పెట్టండి, త్వరగా గడ్డకడుతుంది. చేపయితే గడ్డకట్టాక ఒకసారి చన్నీళ్ళలో ముంచి తీసి మళ్ళీ పెడితే మంచు తొడుగులా పట్టి గాలి తగలనివ్వదు. రొయ్యల ఫ్యాక్టరీల్లో చేసేది ఇదే. కరెంటు పోయి వచ్చాక లోపల ఇంకా మంచు పలుకులు మిగిలి వుంటే ఆ మాంసం వండుకోవచ్చు, మళ్ళీ గడ్డకట్టించుకోవచ్చు. పూర్తిగా కరిగి ఎంతసేపు వుందో తెలియకపోతే ఆశ వదులుకోండి, ముఖ్యంగా ఇంట్లో కడుపుతో వున్నవాళ్ళూ, పసిపిల్లలూ, ముసలివాళ్ళూ వుంటే.

ఎంతసేపు కరిగిందో తెలుసుకోవడం ఎలాగంటారా? దానికి ఖర్చు ఒక్క రూపాయి. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజరులోనే వుంచండి. మీరు ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయి మంచు కరిగితే బిళ్ళ కిందికి దిగుతుంది; మళ్ళీ గడ్డకట్టినా కిందే వుంటుంది. పైనే వుంటే మాంసం నిక్షేపం. మధ్యలో వుంటే అనుమానం. అడుగున వుంటే ఇంక అడగనక్కర్లేదు. మా ఇంట్లో ఇప్పుడు ఆ గ్లాసు బాధ్యత మామ్మది. రోజూ పొద్దున్నే పాలప్యాకెట్టు తీసుకునేటప్పుడు పై అర తలుపు చిన్నగా తీసి, బిళ్ళ ఎక్కడుందో చూసి వేస్తుంది.